సబ్బు బిళ్ల మీద పన్ను – జపాన్ ప్రజల కథ



పోయిన ఆదివారం అమ్మ నన్ను చూడటానికి హాస్టల్‌కి వచ్చింది. సారు పన్నుల పాఠం చెప్పారని చెప్పాను. "మాకు జీతం లేదు బిడ్డా, మేమేం పన్ను కడతాం?" అంది. అమ్మ తెచ్చిన సబ్బు కాగితం చూపించాను. ధర పక్కన "అన్ని పన్నులు కలిపి" అని ఉంది. అంటే సబ్బు కొన్నప్పుడే అమ్మ పన్ను కట్టేసింది! మన దేశంలో 2017 జూలై 1 నుంచి దీన్ని జీఎస్‌టీ అంటున్నారు. జపాన్‌లో దీని పేరు వినియోగ పన్ను. అక్కడి ప్రజలు దాన్ని ఎందుకు వద్దన్నారో తెలుసుకుందాం.

జపాన్‌లో 1989 ఏప్రిల్‌లో ఈ పన్ను మొదలైంది. నూరు యెన్‌ల వస్తువుకి 3 యెన్‌లు. యెన్ అంటే వాళ్ల డబ్బు. ఇంటి ఖర్చు చూసుకునే ఆడవాళ్లు, చిన్న దుకాణాల వాళ్లు చాలామంది వ్యతిరేకించారు. జూలైలో ఎగువ సభ ఎన్నికలు వచ్చాయి. అధికార పార్టీకి ఆ సభలో మెజారిటీ పోయింది. లంచాల గొడవ కూడా ఒక కారణమే. ఆ ఎన్నికల్లో పన్ను వద్దని గట్టిగా చెప్పి చాలా సీట్లు గెలిచిన సోషలిస్టు పార్టీకి నాయకురాలు ఒక స్త్రీ, దోయి తకాకో.

1994లో ప్రధాని హొసొకవ పన్నును 7 శాతం చేస్తామన్నారు. అందరూ వద్దనేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

ఎందుకు వద్దన్నారు? ఒక లెక్క చూడండి. పన్ను 10 శాతం అనుకుందాం. పేదవాడికి నెలకు 11,000 వస్తుంది. 10,000 సరుకు కొంటే పన్ను 1,000. అంతా అయిపోయింది. ధనవంతుడికి 1,10,000 వస్తుంది. 40,000 సరుకు కొంటే పన్ను 4,000. మిగతాది దాచుకుంటాడు. పేదవాడి సంపాదనలో నూటికి 9 పోయింది. ధనవంతుడికి నూటికి 4 కూడా పోలేదు. రేటు ఒకటే, బరువు మాత్రం వేరు.

ప్రభుత్వం మాట కూడా వినాలి. జపాన్‌లో ముసలివాళ్లు ఎక్కువ. వాళ్ల పింఛనుకు, వైద్యానికి డబ్బు కావాలి. అందుకే పన్ను 1997లో 5, 2014లో 8, 2019 అక్టోబరులో 10 శాతం అయింది. 10 చేసే ముందు మాత్రం రెండుసార్లు వాయిదా వేశారు. 10 చేసినప్పుడు తిండి సరుకులకు 8 గానే ఉంచారు. ప్రజలు పన్నును ఆపలేకపోయారు. కానీ వాళ్లకు భయపడి ప్రభుత్వం ఆలోచించి అడుగు వేసింది.

ఇదంతా చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అయితే మనం కూడా కడుతున్నాం కదా. మరి మన ఊరికి రోడ్డు ఎందుకు వెయ్యలేదని అడగొచ్చు" అంది. అమ్మకు చదువు రాదు, కానీ లెక్క వచ్చు.

ఆలోచించండి:
1. మీ సబ్బు, పేస్టు కాగితాల మీద ఏం రాసి ఉంది?
2. ఉప్పు మీద జీఎస్‌టీ లేదు. ఎందుకు?
3. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ పాఠం ఎవరికి చెప్తారు?

– 9వ తరగతి విద్యార్థిని