మౌనము నుండి ప్రవచనమునకు : ప్రాచ్యకళాశాల తరగతిలో విద్యార్థి ఆత్మవిశ్వాసము

ప్రాచ్యకళాశాలలో బోధించు ప్రతి అధ్యాపకునకు పరిచితమైన దృశ్యమొకటి కలదు. శ్లోకమును చదివి, పదవిభాగము చేసి, అన్వయము చెప్పి, తాత్పర్యమును వివరించిన పిమ్మట "సందేహములేవైన నున్నవా?" అని అధ్యాపకుడు ప్రశ్నించును. తరగతి యంతయు మౌనము వహించును. ఆ మౌనమును అవగతమైనదనుటకు గుర్తుగా గ్రహించి మనము మరుసటి శ్లోకమునకు సాగుదుము. పరీక్షాపత్రములు దిద్దునపుడు గాని ఆ మౌనమునకు అర్థము వేరని తెలియదు.

ఈ మౌనము కేవలము అజ్ఞానము వలన కలిగినది కాదు. మన విద్యార్థులలో పలువురు గ్రామసీమల నుండి వచ్చినవారు. తమ కుటుంబమున కళాశాల గడప త్రొక్కిన తొలితరమువారు. అల్పప్రాణ మహాప్రాణములను, శషసలను తారుమారుగ పలికి ఒకనాడు నవ్వులపాలైన విద్యార్థి మరల నోరు తెరచుటకు సాహసింపడు. ఇతర విద్యలలో స్థానము దొరకక ఇచటికి వచ్చితినను న్యూనతాభావము కొందరిని మరింత క్రుంగదీయును. అయినను ఇట్టివారిలో పలువురు రేపు భాషోపాధ్యాయులై నలుబదిమంది పిల్లల యెదుట నిలువవలసినవారు. మన తరగతిలో మూడేండ్లు మౌనముగ నుండిన విద్యార్థి ఆనాడు ఏమి చేయగలడు? కావున ఆత్మవిశ్వాసమును పెంపొందించుట పాఠమునకు వెలుపలి విషయము కాదు, పాఠములోని అంగమే. అందులకు వలసిన సాధనములు మన శాస్త్రసంప్రదాయముననే యున్నవని నిరూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

విద్యోపయోగమునకు నాలుగు కాలములు

పతంజలి మహర్షి మహాభాష్యము యొక్క పస్పశాహ్నికములో విద్య నాలుగు విధముల ఉపయుక్తమగునని చెప్పి ఆగమకాలము, స్వాధ్యాయకాలము, ప్రవచనకాలము, వ్యవహారకాలము అని పేర్కొనెను. గురువు నుండి గ్రహించునది మొదటిది; తాను మననము చేయునది రెండవది; పరులకు బోధించునది మూడవది; లోకమున వినియోగించునది నాలుగవది. నేటి మన తరగతులు మొదటి రెండింటితోనే ముగియుచున్నవి. విద్యార్థి వినును, వల్లించును, పరీక్షలో వ్రాయును. ప్రవచన వ్యవహారములు పట్టము పొందిన పిదప వచ్చునని మన భావన. ఆత్మవిశ్వాసము జనించునది ఈ రెండు కాలములలోనే యని నా యభిప్రాయము.

ఆధునిక మనస్తత్త్వశాస్త్రమును ఈ యభిప్రాయమును బలపరచుచున్నది. ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము, ఒక కార్యమును నిర్వహింపగలనను నమ్మకమునకు మూలములు నాలుగు. స్వయముగ సాధించిన అనుభవము మొదటిది, అన్నింటికంటె బలీయమైనది. తనవంటివాడు సాధించుటను చూచుట రెండవది. ఇతరుల ప్రోత్సాహవచనము మూడవది. భయము, కలవరము మున్నగు దేహమనఃస్థితులు నాలుగవది. మనము సాధారణముగ ఆశ్రయించునది మూడవదానిని. "నీవు చేయగలవు" అని వెన్ను తట్టుదుము. చేయగల చిన్నపని నొకదానిని చేతికీయక పలికిన ప్రోత్సాహము ఎక్కువకాలము నిలువదు.

ఖండాన్వయము : అందరికిని ఒక్కొక్క మెట్టు

చిన్నపనిని చేతికిచ్చు పద్ధతి మనకు క్రొత్తది కాదు. కర్తతో నారంభించి క్రియతో ముగించు దండాన్వయమును అధ్యాపకుడు ఏకధారగ చెప్పుచుండగా విద్యార్థి శ్రోతగనే మిగులును. ఖండాన్వయము అట్లు కాదు. క్రియను ముందుగ గ్రహించి, దానిపై ఆకాంక్షలను లేవనెత్తి, ఒక్కొక్క పదమును కూర్చుట దాని రీతి. అది స్వభావము చేతనే ప్రశ్నోత్తరరూపమైనది.

రఘువంశ ద్వితీయసర్గములోని తొలి శ్లోకమును ఉదాహరణముగ గైకొందము. దిలీపుడు ప్రాతఃకాలమున వసిష్ఠుని ధేనువును అడవికి విడుచుట అందలి విషయము. అధ్యాపకుడు 'ముమోచ' అను క్రియను నల్లబల్లపై వ్రాసి "విడిచెను" అని అర్థము చెప్పవలెను. ఎప్పుడు? అన్నచో 'ప్రభాతే' అను సప్తమీరూపమును చూపుట అందరికంటె వెనుకబడిన విద్యార్థికిని సాధ్యమే. ఎవరు? దేనిని? ఎందులకు? అను ప్రశ్నలు తరువాతి వారికి. ధేనువునకు విశేషణములైన రెండు దీర్ఘసమాసముల విగ్రహవాక్యములను సమర్థులకు విడువవలెను. ఈ రీతిని ఒక శ్లోకము ముగియునప్పటికి ఆరేడుగురు నోరు తెరతురు; ప్రతివాడును తాను చెప్పినది నిలిచినదని గ్రహించును. అయితే ఏ ప్రశ్నను ఎవరికి ఈయవలెనో అధ్యాపకుడు ముందుగనే నిర్ణయించుకొనవలెను. ప్రశ్న అడిగిన పిదప కొంత వ్యవధి నిచ్చుటయు అవసరము. తాను వెంటనే సమాధానము చెప్పివేయు గురువు వద్ద శిష్యులు ఆలోచించుట మానుదురు.

దోషమునకు పూర్వపక్షస్థానము

విద్యార్థి నోటిని మూయించునది తప్పు కాదు. తప్పునకు మన మిచ్చు సమాధానము. వ్యాకరణ తరగతిలో తరచుగ కనబడు సందర్భమిది. 'తెచ్చి + ఇచ్చెను' కలుపుమనగా విద్యార్థి 'తెచ్చిచ్చెను' అనును. "తప్పు, కూర్చుండుము" అనుట సులభము. "ఎట్లు సాధించితివి?" అని యడిగినచో అతని హేతువు బయటపడును. 'ఏమి + అంటివి' అనుచోట 'ఏమంటివి' యని ఇకారము లోపించినది గదా, ఇచటను అట్లే యనుకొంటిననును. ఇంటిలోను వీథిలోను 'తెచ్చిచ్చాడు' అను మాట అతడు వినుచునే యున్నాడు. అతని తప్పులో ఉపమానమును కలదు, లోకవ్యవహారమును కలదు.

అధికరణములో విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము మొదలగు అంగములున్నవి. పూర్వపక్షిని శాస్త్రకారులు పరిహసింపరు. అతని వాదమును సాధ్యమైనంత బలముగ నిలిపి పిదప సమాధానము చెప్పుదురు. విద్యార్థి సమాధానమును అట్లే నల్లబల్లపై పూర్వపక్షముగ వ్రాసి, 'ఏమి' యందలి ఇకారమునకును 'తెచ్చి' యందలి ఇకారమునకును భేదమేమని తరగతి నడుగవలెను. రెండవది క్త్వార్థకమని ఎవరో ఒకరు గుర్తింతురు. క్త్వార్థక ఇకారమునకు సంధి నిషిద్ధమని బాలవ్యాకరణము చెప్పినది గాన, యడాగమముతో 'తెచ్చియిచ్చెను' అగుట సిద్ధాంతము. ఇచట తప్పు తప్పుగనే నిర్ణీతమైనది. సిద్ధాంతమున శైథిల్యము లేదు. కాని తప్పు చెప్పినవాడు అవమానితుడు కాలేదు, చర్చకు కారకుడైనాడు. మరునాడు అతడు మరల చేయి యెత్తును.

క్రమవృద్ధి గల అభ్యాసము

పద్యరచనాభ్యాసమునను ఇదే సూత్రము వర్తించును. మొదటనే ఉత్పలమాలలో పద్యము వ్రాయుమన్నచో పదిమందిలో తొమ్మండుగురు వెనుకడుగు వేయుదురు. మొదటి వారము భ ర న భ భ ర వ గణములు సరిపోవు ఒక పాదము చాలును. అర్థము సామాన్యమైనను దోషము లేదు. రెండవ వారము 10వ అక్షరమున యతి పాటింపవలెను. మూడవ వారము ప్రాసతో నాలుగు పాదములు. అవధానప్రక్రియను తరగతికి తెచ్చునపుడు విద్యార్థిని మొదట అవధానిగ కాక పృచ్ఛకునిగ నిలుపవలెను. సమస్యను కూర్చుటకును దత్తపదికి పదములను ఎన్నుటకును ఛందోజ్ఞానము కావలెను; కాని సద్యఃపూరణమునందలి భయము ఉండదు.

వారమున కొకసారి పది నిమిషములు ప్రవచనమునకు కేటాయించి, పై తరగతి విద్యార్థి చేత క్రింది తరగతికి ఒక సూత్రమునో శ్లోకమునో చెప్పింపవలెను. తనవంటివాడే చెప్పుచున్నాడను దృశ్యము క్రిందివారికి ధైర్యము నిచ్చును. మెప్పు విషయమున ఒక నియమము అవసరము. "బాగున్నది" అను సామాన్యవచనము కంటె "సమాసవిగ్రహము సరిగ చెప్పితివి, విభక్తిలో మాత్రము పొరబడితివి" అను మాటయే విద్యార్థికి ఉపకరించును. అర్హత లేని పొగడ్తను విద్యార్థులు మనకంటె ముందుగనే గుర్తింతురు.

ఆక్షేపము - సమాధానము

ఈ రీతిని బోధించిన పాఠ్యప్రణాళిక పూర్తి కాదని ఆక్షేపము రావచ్చును. అది నిరాధారము కాదు. కాలము పరిమితము, పరీక్ష అనివార్యము. కాని ప్రతి శ్లోకమును ఇట్లు చెప్పనక్కర లేదు. పదింటిలో రెండింటిని విద్యార్థుల చేత సాధింపజేసినచో తక్కిన యెనిమిదింటిని వారు త్వరగ గ్రహింతురు. విద్యార్థులు తక్కువగ నున్న తరగతిని చూచి మనము విచారపడుచుందుము. పదునైదుమంది యున్న తరగతిలో ప్రతివానిని వారమునకు రెండు మారులైనను పలికింపగలుగుట గొప్ప సౌకర్యమని మరువరాదు.

ఉపసంహారము

తైత్తిరీయోపనిషత్తు యొక్క శీక్షావల్లి విద్యను సంధితో పోల్చినది. అందు ఆచార్యుడు పూర్వరూపము, శిష్యుడు ఉత్తరరూపము, విద్య సంధి. వారిని కూర్చు సంధానము ప్రవచనము. ఉత్తరరూపము లేనిదే సంధి లేదు. శిష్యుడు మౌనముగ నున్న తరగతిలో మన మెంత పాండిత్యమును ప్రకటించినను పూర్వరూపమొక్కటియే నిలిచియుండును. రేపటి పాఠములో ఒక్క ప్రశ్నను, ఇంతవరకు నోరు తెరువని ఒక్క విద్యార్థికి, అతడు చెప్పగలిగినంత మాత్రమే అడిగి, సమాధానము వచ్చువరకు ఓపికతో నిలుచుట మనలో ప్రతివారికిని సాధ్యమే.