పురి ఎటు?

ఈ ఏడాది మా తరగతిలో ‘పురి’ అనే మాట వచ్చింది. పురికొస చూపించినా పిల్లల ముఖాలు వెలగలేదు. సరేనని సంచిలోంచి ఒక మెలితిప్పిన స్టీలు తీగముక్క తీశాం. విమానంలోది అనగానే అందరూ బల్ల చుట్టూ మూగారు. ఆ పాఠమే ఇది.

విమానం ఇంజను అదురుకు బిగించిన బోల్టు కూడా మెల్లగా వదులు కావచ్చు. అందుకని బోల్టు తలకున్న చిల్లిలో తీగ దూర్చి, రెండు పోగులకూ పురిపెట్టి, పక్కనున్న కదలని భాగానికి కడతారు. ఇదే సేఫ్టీ వైర్. బిగించేది రెంచి, తీగ ఊడకుండా ఆపుతుందంతే, బండి ఇరుసుకు కడశీల లాగా. తరచు వాడే తీగ మందం 0.032 అంగుళం. అంగుళానికి 6 నుంచి 8 మెలికలు. చివర తోకను లోపలికి వంచాలి, లేదంటే చెయ్యి చీరుతుంది (మాకు మచ్చలున్నాయి). విప్పిన తీగ మళ్ళీ వాడకూడదు.

అసలు కిటుకు దిశలో ఉంది. తీగ ఎప్పుడూ బిగిసే వైపుకే లాగాలి.

మేము, ముగ్గురు మిత్రులు కలిసి 1972 నాటి సెస్నా 172 ఒకటి కొన్నాం. ఇక్కడి ఎఫ్.ఏ.ఏ. నిబంధనల ప్రకారం పైలట్ లైసెన్సున్న యజమాని ఆయిల్ మార్చుకోవచ్చు, పాడైన సేఫ్టీ వైరూ మార్చుకోవచ్చు. ఆయిల్ ఫిల్టర్ ఇంజను వెనక, ఫైర్‌వాల్‌కి ఆనుకున్నట్టే ఉంటుంది. తల పట్టదు, పురిపెట్టే ప్లయర్స్ తిరగవు. చిన్న అద్దం పెట్టి, వేళ్ళతోనే తాడు పేనినట్టు పేని కట్టాం. పురి ముచ్చటగా కుదిరింది!

మాకు తనిఖీ చేసే మెకానిక్ పెద్దాయన చెయ్యి పెట్టి తడిమి, “ఊడదీసేటప్పుడు ఎటు తిప్పారు?” అని ఒక్క మాట అడిగారు. తీగ సరిగ్గా అటే లాగుతోంది. అద్దంలో సవ్యం అపసవ్యమవుతుందన్న సంగతి ఇంజనీరింగ్ చదివిన ఇద్దరికీ తట్టలేదు. ఫిల్టర్ గాలిలో వదులైతే, ఒత్తిడి మీదున్న ఆయిల్ బయటికి చిమ్ముతుంది. ఉన్నది 8 క్వార్ట్‌లే. అది పోతే ఇంజను ఆగుతుంది. మర్నాడు పొద్దున మా అమ్మాయిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఎగరాల్సి ఉంది.

తీగ కోసేసి, మళ్ళీ కట్టి, లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టేసరికి చీకటి పడింది.

ఇప్పుడు ఫిల్టర్ బిగించగానే దాని మీద మార్కర్‌తో బిగింపు వైపు బాణం గీసి, పక్కన ‘బి’ అని రాస్తున్నాం. అద్దంలో ఆ ‘బి’ తిరగబడి కనిపిస్తుంది కనుక, చూస్తున్నది అద్దంలోనన్న సంగతి మరచిపోం.