జున్నుగడ్డయు జున్నును

యెష్షయి దావీదుచేత సహస్రాధిపతికి పది జున్నుగడ్డలు పంపెనని మొదటి సమూయేలు 17వ అధ్యాయమున చదువుచున్నాము. అది మన గోదావరి మండలపు జున్ను కాదు. ఆంగ్లేయులు చీజు అనునది.

ముఱ్ఱుపాలు బెల్లముతో ఆవిరిపై ఉడికించిన, వేడికే గట్టిపడి జున్నగును. అది త్వరలోనే చెడును. జున్నుగడ్డకో, మామూలు పాలను దూడ కడుపునుండి తీసిన రసముతో పేరబెట్టి, నీరు పిండి, ఉప్పు చేర్చి, నెలలతరబడి మాగనిచ్చుట పూర్వాచారము. చలిదేశములవారు వేసవిపాలను శీతకాలమునకు దాచుకొనిన ఉపాయమిదియే. ఇంగ్లాండున చెడ్డరు, హాలండున ఎడాము, ఇటలీలో పార్మా అను ఊళ్ల పేర్లే వాని జున్నుగడ్డలకు వచ్చెను.

ముఱ్ఱుపాలవలననే లేగదూడకు రోగముల నెదుర్కొను బలము కలుగును. కావున బాలలారా, దూడ కడుపు నిండిన పిమ్మటనే మనము జున్ను వండుకొందము.