నది జనం – షుగరు జబ్బు

అమెరికా దేశంలో ఆరిజోనా అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ ఎండ ఎక్కువ, వాన తక్కువ. ఆ ఎడారిలో హీలా అనే నది ఉంది. నది పక్కన పిమా అనే ఆదివాసులు ఉంటారు. వాళ్ళ భాషలో వాళ్ళ పేరుకు అర్థం "నది జనం".

పూర్వం వాళ్ళు నది నుంచి కాలువలు తవ్వుకున్నారు. మొక్కజొన్న, గుమ్మడి, ఒక రకం చిక్కుడు గింజలు పండించారు. ఒక ముళ్ళచెట్టు కాయలు దంచి పిండి చేసుకునేవాళ్ళు. ఆ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టం. మనకేమో అది పొయ్యిలోకి తప్ప పనికిరాదు!

అప్పుడు జబ్బులు లేవని కాదు. మశూచి, క్షయ చాలామందిని తీసుకుపోయాయి. షుగరు జబ్బు మాత్రం అరుదు. 1908లో అచ్చయిన లెక్కలో ఒకే ఒక్కరికి ఉంది. 1937లో 21 మంది తేలారు. 1970 ప్రాంతంలో చూస్తే, 35 ఏళ్ళు దాటినవాళ్ళలో సగం మందికి ఉంది.

మధ్యలో ఏం జరిగింది? నీళ్ళు పోయాయి. 1870 తర్వాత ఎగువన కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్ళు నది నీళ్ళు మళ్ళించుకున్నారు. దిగువన కాలువలు ఎండిపోయాయి. పొలాలు బీడుపడ్డాయి. జనం ఆకలితో మాడారు. తర్వాత సర్కారు తిండి పంచింది. ఏమిచ్చింది? తెల్లపిండి, పంది కొవ్వు, చక్కెర. కడుపు నిండింది కానీ పొలం పని లేదు. ఒళ్ళు బరువెక్కింది.

"అది వాళ్ళ రక్తంలోనే ఉంది" అన్నారు కొందరు. అది సగం మాటే. మెక్సికో దేశపు కొండల్లో కూడా పిమా జనం ఉన్నారు. ఇద్దరిదీ ఒకే మూలం. కొండల్లో వాళ్ళు ఇంకా చేలో పనిచేస్తారు, నడుస్తారు, పండించింది తింటారు. 2006లో అచ్చయిన లెక్క ప్రకారం అక్కడ వందకు ఏడుగురికే షుగరు. ఆరిజోనాలో వందకు 38 మందికి.

పిమా కుటుంబాలను డాక్టర్లు ఏళ్ళ తరబడి పరీక్షించారు. ఇంకో సంగతి తెలిసింది. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి షుగరు ఉంటే, బిడ్డకు చిన్న వయసులోనే అది వచ్చే ప్రమాదం ఎక్కువ. అంటే ఏనాడో పోయిన నీళ్ళ దెబ్బ, ఇంకా పుట్టని బిడ్డకూ తగిలింది.

2004లో ఆ తెగకు నీళ్ళ వాటా ఇవ్వాలని అమెరికాలో చట్టం చేశారు. ఇప్పుడు కొన్ని పొలాల్లో పాత చిక్కుడు గింజలు మళ్ళీ పండుతున్నాయి. అవి మెల్లగా అరుగుతాయి. తిన్నాక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు.