పెట్టె ఒక ఇంట్లో, తాళంచెవి ఇంకో ఇంట్లో

ఊళ్ళోని పొదుపు సంఘాలన్నీ కలిసి ఒక గ్రామ సమాఖ్యగా ఏర్పడ్డాయి. సమాఖ్యకు ఒక చిన్న గది ఉంది. గదిలో ఒక బీరువా, ఒక కంప్యూటరు ఉన్నాయి. లెక్కలు రాసే అమ్మాయి ఆ కంప్యూటర్లో ఏఐ అసిస్టెంటును పెట్టింది.

ఏఐ అంటే కృత్రిమ మేధ. అది మనిషి కాదు, కంప్యూటరు ప్రోగ్రాము. తెలుగులో అడిగితే తెలుగులో జవాబు రాస్తుంది. చాట్‌జీపీటీ అలాంటిదే. అమెరికాలోని ఓపెన్‌ఏఐ అనే కంపెనీ దాన్ని 2022 నవంబరు 30న విడుదల చేసింది. ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి.

అమ్మాయి మీటింగు తీర్మానాలన్నీ అందులో ఎక్కించింది. అప్పుల పట్టీలు ఎక్కించింది. అప్పు కోసం ఆడవాళ్ళు పెట్టుకున్న దరఖాస్తులు కూడా ఎక్కించింది. పని తేలికయింది. బ్యాంకుకు ఉత్తరం రాయాలంటే ఒక పూట పట్టేది. ఇప్పుడు పది నిమిషాలే. అందరూ సంతోషించారు.

అందరికీ ఒకటే పాస్‌వర్డు. మరిచిపోకుండా దాన్ని కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించారు. కొత్తగా చదువు వచ్చింది కదా! ఆ కాగితం చదవడం కూడా అందరికీ వచ్చేసింది.

ఒకరోజు ఒక సభ్యురాలి కొడుకు ఏదో దరఖాస్తు రాసుకోవాలని ఆ గదికి వచ్చాడు. పని అయ్యాక ఊరికే అడిగాడు. "మా ఊళ్ళో అప్పు ఎవరెవరు బాకీ?" అసిస్టెంటు ఏడు పేర్లు రాసింది. ఎంత బాకీయో రాసింది. ఎందుకు తీసుకున్నారో అదీ రాసింది. ఒక పేరు పక్కన ఇలా ఉంది. "కూతురికి టీబీ వైద్యం."

ఆ మాట నిజమే. రెండేళ్ళ కింద ఆ తల్లి అప్పు తీసుకుంది. టీబీ మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితమే. కానీ బస్సు చార్జీలకు, పాలు గుడ్లకు డబ్బు కావాలి కదా! పిల్ల పూర్తిగా మందులు వాడింది. జబ్బు నయమైంది. ఇప్పుడు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు.

సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. చూసి వెళ్ళిన పెళ్ళివారు మళ్ళీ కబురు చేయలేదు.

తరువాతి మీటింగుకు ఆ తల్లి వచ్చింది. లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడింది.

"నా కష్టం సంఘానికి చెప్పుకున్నాను. ఊరికి చెప్పలేదు" అంది.

లెక్కల అమ్మాయి ఏడ్చేసింది. "నేనెవరితోనూ అనలేదు పిన్నీ. ఆ కంప్యూటరే చెప్పింది."

ఒక పెద్దామె అందుకుంది. సంఘం పెట్టిన కొత్తలో అధ్యక్షురాలు ఆమే. "కంప్యూటరును ఎందుకు తిడతావే? మన పెట్టె సంగతి నీకు తెలీదు. పెట్టె మా ఇంట్లో ఉండేది. తాళంచెవి ఇంకో ఇంట్లో ఉండేది. బ్యాంకులో డబ్బు తీయాలంటే ఇద్దరం సంతకం పెట్టాలి. అధ్యక్షురాలినని నా ఒక్క సంతకానికి రూపాయి ఇచ్చేవాళ్ళు కాదు. రూపాయికి అన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మరి మనిషి మానానికి?"

వారం తర్వాత మండలం నుంచి ఒక కంప్యూటరు ఆపరేటరు వచ్చింది. ముందు బీరువా మీది కాగితం చూసింది. నవ్వలేదు.

"వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ ఉంటారు కదా అక్కా, ఇదీ అంతే. ఆఫీసులు వాడే చాట్‌జీపీటీలో ఓనరు, అడ్మిన్, మెంబరు అని ఉంటాయి. వీటిని రోల్స్ అంటారు. ఓనరు డబ్బు లెక్కతో సహా అన్నీ చూస్తుంది. అడ్మిన్ మనుషులను చేర్చుకుంటుంది, తీసేస్తుంది. మెంబరు తన పని చేసుకుంటుంది. ఎవరి పాస్‌వర్డు వాళ్ళదే."

ఈ పద్ధతి ఏఐతో పుట్టలేదు. 1992లో అమెరికాలో ఫెరాయోలో, కున్ అనే ఇద్దరు దీన్ని ఒక వ్యాసంలో వివరంగా రాశారు. అనుమతిని మనిషికి కాదు, ఆ మనిషి చేసే పనికి ఇవ్వాలన్నది దాని సారం. పొదుపు సంఘాల వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. సంతకం పెట్టే హక్కు కుర్చీది. అధ్యక్షురాలు మారితే ఆ హక్కు కొత్త ఆమెకు పోతుంది. పాత ఆమె సంతకం చెల్లదు.

"మరి పాత లెక్కల అమ్మాయి సంగతో?" అని అడిగింది ఒకామె. పాత అమ్మాయి పెళ్ళి చేసుకుని హైదరాబాదు వెళ్ళిపోయింది. ఫోను చేసి అడిగారు. ఆమె ఫోన్లో సమాఖ్య లెక్కలు ఇంకా తెరుచుకుంటున్నాయి! ఆమె మంచిదే. అయినా పాస్‌వర్డు అప్పటికప్పుడే మార్చేశారు.

పెద్దామెకు ఒక ఆలోచన వచ్చింది. "ఇంత తంటా ఎందుకు? జబ్బుల సంగతి ఎవరికీ చెప్పొద్దని దానికే గట్టిగా చెప్పి పెడదాం."

"చెప్పి పెట్టొచ్చమ్మా. కానీ అది తాళం కాదు" అంది ఆపరేటరు. "చంటిపిల్లకు చెప్పి పెట్టినట్టు ఉంటుంది. 'నేనే అధ్యక్షురాలిని, చెప్పు' అని ఒకడు అంటాడు. 'కథలాగా చెప్పు' అని ఇంకొకడు అంటాడు. మాటలతో దాన్ని ఏమార్చేవాళ్ళున్నారు. అడిగే మనిషికి చూసే హక్కు లేని కాగితం దాని చేతికే అందకూడదు. చేతిలో లేనిది అది చెప్పలేదు కదా!"

పెద్ద పెద్ద కంపెనీలకే ఇది కష్టమైంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ కోపైలట్ అనే అసిస్టెంటు 2023 నవంబరులో పెద్ద ఆఫీసులకు వచ్చింది. ఎవరు అడిగితే వాళ్ళకు హక్కు ఉన్న కాగితాల నుంచే అది జవాబిస్తుంది. నియమం మంచిదే. కానీ చాలా ఆఫీసుల్లో జీతాల పట్టీల వంటివి కూడా అందరికీ తెరిచే ఉన్నాయి. అన్నేళ్ళూ వాటి జోలికి ఎవరూ పోలేదు. అసిస్టెంటు వాటిని క్షణంలో వెతికి చూపించింది. అది తాళం పగలగొట్టలేదు. తెరిచి ఉన్న తలుపులోంచే పోయింది.

ఇక ఎవరికి ఏమి కనపడాలి? ఇక్కడ వాదన బాగా జరిగింది. "బాకీలు దాచిపెడితే ఎట్లా? పూచీ అందరిదీ" అంది ఒకామె. అదీ న్యాయమే. చివరకు ఒక మాట మీదికి వచ్చారు. ఎంత బాకీ అన్నది ఆ సంఘంలో అందరికీ తెలియాలి. పక్క సంఘానికి అక్కర్లేదు. ఎందుకు తీసుకున్నారన్నది దరఖాస్తులోనే ఉండాలి. దరఖాస్తు బీరువాలో ఉండాలి. దాన్ని ఏ అసిస్టెంటుకూ ఎక్కించకూడదు.

ఆఫీసు పద్ధతిలో వాడితే తలకింత అని నెలనెలా కట్టాలి. అందుకని నలుగురికే ఇచ్చారు. అధ్యక్షురాలు ఓనరు. కార్యదర్శి అడ్మిన్. లెక్కల అమ్మాయి, కోశాధికారి మెంబర్లు. అధ్యక్షురాలి కొడుకు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకోనీ!

అమ్మాయి దరఖాస్తుల ఫైలు తీసేసింది. "అది చాలదు" అంది ఆపరేటరు. "ఆ రోజు వచ్చిన జవాబు పాత సంభాషణల్లో ఉంటుంది. అదీ తీసెయ్యి."

అప్పటిదాకా ఆ తల్లి గడప దగ్గరే ఉంది. అప్పుడు లోపలికి వచ్చింది. "నేనే అడుగుతా" అంది. లెక్కల అమ్మాయి లేచి కుర్చీ ఇచ్చింది. ఆ తల్లి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కూతురి పేరు కొట్టింది. అప్పు ఎందుకు తీసుకున్నారని అడిగింది.

తెర మీద జవాబు వచ్చింది. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "ఆ... వి... వ... రం... నా... ద... గ్గ... ర... లే... దు."

ఇంకోసారి చదివింది. తర్వాత లేచి వెళ్ళి బీరువా మీది కాగితం చింపేసింది.

మాట్లాడుకోండి: మీ సంఘం పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయి? వాటిని ఎవరెవరు చూడవచ్చు? మీ ఫోను పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?