విమర్శ – పరిహాసము – మన కర్తవ్యము

మన మతమును ఎవరైన ఆక్షేపించినచో మనసు నొచ్చుట సహజము. పరిహసించినచో ఆ నొప్పి ఇనుమడించును. అయితే ఇది మతవిశ్వాసము కావున దీనిని ఎవ్వరును ప్రశ్నింపరాదని కోరుటకు మనకు హక్కు కలదా? ఈ ప్రశ్నకు సమాధానమును మొదట చట్టమునందును, పిదప మన శాస్త్రములయందును వెదకుదము.

1924లో లాహోరు నగరమున ఇస్లాము ప్రవక్తను కించపరచు చిన్న పుస్తక మొకటి వెలువడినది. దాని ప్రచురణకర్తను అచ్చటి హైకోర్టు 1927లో విడుదల చేసెను. వర్గవైషమ్యమును గూర్చిన సెక్షను ఇట్టి రచనకు వర్తింపదని ఆ తీర్పు సారాంశము. ఆందోళన చెలరేగగా ఆ సంవత్సరమే శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షను చేర్చబడెను. 1929లో ఆ ప్రచురణకర్త హత్యకు గురియయ్యెను. 1957లో సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లునని చెప్పుచు, బుద్ధిపూర్వకముగా, దురుద్దేశముతో చేసిన అవమానమునకే అది వర్తించునని వివరించెను. 2024 జూలై 1 నుండి ఆ నియమము భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షనుగా నున్నది. కావున చట్టము సైతము విమర్శను నేరముగా నెంచలేదు.

ఇక మన ఆచార్యుల మార్గమును చూతము. సమంతభద్రాచార్యులు ‘ఆప్తమీమాంస’ను పొగడ్తతో గాక పరీక్షతో ఆరంభించిరి. దేవతల రాక, ఆకాశగమనము, చామరములు మున్నగు వైభవములు ఇంద్రజాలికులయందును కనబడును గదా, వానినిబట్టి జినుడు గొప్పవాడని ఎట్లనవచ్చునని ప్రశ్నించిరి. నిర్దోషియై, యుక్తికిని శాస్త్రమునకును విరోధము లేని మాట చెప్పువాడే ఆప్తుడని నిర్ణయించిరి. తీర్థంకరునే పరీక్షకు నిలిపిన సంప్రదాయము మనది.

ఇది గ్రంథములలోనే నిలిచిన మాట కాదు. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు సల్లేఖనను ఆత్మహత్యగా పరిగణింపవలెనని తీర్పు చెప్పెను. దేశమున పలుచోట్ల జైనులు మౌనముగా ఊరేగింపులు జరిపిరి. ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసెను. అయితే ఈ ఆక్షేపణ మనకు కొత్తది కాదు. పూజ్యపాదులు ‘సర్వార్థసిద్ధి’లో దానిని తామే లేవదీసిరి. రాగద్వేషమోహములకు లోబడి విషశస్త్రాదులచే ప్రాణము తీసికొనుట ఆత్మవధ యనియు, సల్లేఖనలో రాగాదులు లేనందున అది ఆత్మవధ కాదనియు జవాబిచ్చిరి. సరకు నిలువయున్న ఇంటికి ఆపద వచ్చినచో వర్తకుడు ముందు ఇంటినే కాపాడజూచును, అది సాధ్యము కానినాడు సరకునైన దక్కించుకొనును అని ఉపమానము చూపిరి. వృద్ధులపై ఇంటివారి ఒత్తిడి లేకుండ చూచుట ఎట్లని నేడు అడుగువారికిని మనము ఇట్లే శాంతముగా సమాధానము చెప్పవలసియున్నది.

పరిహాసము మాటేమి? తత్త్వార్థసూత్రము సత్యవ్రతమునకు ఐదు భావనలు చెప్పినది. క్రోధ, లోభ, భయ, హాస్యములను విడుచుట నాలుగు; ఆలోచించి పలుకుట ఐదవది. కావున పరమతమును ఎగతాళి చేయుట శ్రావకునకు తగదు. అయితే ఇది మన నాలుకకు వేసికొన్న కళ్లెమే గాని ఇతరుల నోటికి వేయు తాళము కాదు. ఆ వరుసలో హాస్యముకంటె ముందు క్రోధమున్నది. ఎవరో నవ్విరని ఆగ్రహించువాడు తన వ్రతమునకు తానే భంగము తెచ్చుకొనును.

మనవారును నవ్వకపోలేదు. హరిభద్రసూరి ‘ధూర్తాఖ్యాన’ములో పురాణకథలను పరిహసించిరి. మనవారి హాస్యమును పాండిత్యమని మెచ్చి, ఇతరుల హాస్యమును నేరమనుట న్యాయము కాదు.

విశ్వాసమును ప్రశ్నించుట వేరు, విశ్వసించువానిని వెలివేయుట, అతని ఇంటికో ఆలయమునకో హాని తలపెట్టుట వేరు. రెండవదానిని చట్టము అడ్డుకొనవలెను. మొదటిదానికి మనమే సమాధానము చెప్పవలెను. స్వాధ్యాయమున మన పిల్లలు “ఇది ఎందుకు?” అని అడిగినపుడు గద్దింపక, పై గ్రంథములను తెరచి వారితో కూర్చుండుట నేడే ఆరంభింపదగిన పని.