బొమ్మల కొలువులో బొమ్మంత ఎత్తు నుంచి: చిన్న కెమెరాతో కుదుపు లేని వీడియో



దసరాకైనా, సంక్రాంతికైనా బొమ్మల కొలువు వీడియోలు బోలెడు వస్తాయి. ఎక్కువ శాతం నిలబడి, ఫోన్‌ని పై మెట్టు నుంచి కిందికి తిప్పేసినవే. బొమ్మలన్నీ కనిపిస్తాయి, కానీ వాటి మధ్య మనం నడిచినట్టు ఉండదు. అలా నడిచినట్టు ఉండాలంటే గోప్రో లాంటి చిన్న యాక్షన్ కెమెరా చాలు. ఎలాగో చూద్దాం.

నాకు ఈ అవసరం ఎందుకొచ్చిందంటే, మా ఇంట్లో మెట్ల మీద దేవుళ్లని అమ్మమ్మ పేరుస్తుంది. మెట్ల ముందు నేల మీద గుడి, చెరువు, సంత ఉన్న ఊరు పిల్లల పని. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు. కలశం పెట్టాక విజయదశమి దాకా బొమ్మల్ని కదపకూడదన్నది ఇంటి పద్ధతి. అంటే ఊరు ఆవిడ దగ్గరికి రాదు. కెమెరాయే ఊళ్లోకి వెళ్లాలి.

1. ఎత్తు. సుమారు 160 సెం.మీ. మనిషికి 10 సెం.మీ. కొండపల్లి బొమ్మ అంటే 16వ వంతు. ఆ లెక్కన బొమ్మ కంటి ఎత్తు 9 సెం.మీ. కెమెరా లెన్స్ కూడా అక్కడే ఉండాలి. ఒక్క అరచేయి పైకి లేపినా అది మళ్లీ బొమ్మలాగే కనిపిస్తుంది.

2. ఫోకస్. చిన్న సెన్సార్, వైడ్ లెన్స్ కాబట్టి ముందున్న బొమ్మ, వెనకున్న గుడి రెండూ స్పష్టంగా వస్తాయి. మనకి కావాల్సింది అదే. వెనకంతా మసకబారితే కంటికి "ఇది చిన్న వస్తువు" అని తెలిసిపోతుంది. కాకపోతే ఇలాంటి కెమెరాలు చాలావాటిలో ఫోకస్ మారదు, సుమారు అడుగు కన్నా దగ్గరికెళ్తే మసక. ఇంకా దగ్గర కావాలంటే క్లోజప్ లెన్స్ తగిలించాలి. దాని మీద +10 అని ఉంటే దాదాపు 10 సెం.మీ. దూరంలో స్పష్టంగా వస్తుంది. కానీ అప్పుడు వెనకున్న గుడి మసకవుతుంది.

3. వేగం. అసలు కిటుకు ఇక్కడుంది. అక్షింత గింజ 160 సెం.మీ. నుంచి పడటానికి 0.57 సెకన్లు, 10 సెం.మీ. నుంచి అయితే 0.14 సెకన్లు. ఎత్తు 16 రెట్లు తగ్గితే సమయం 4 రెట్లే తగ్గింది (16కి వర్గమూలం 4). కాబట్టి సెకనుకి 100 ఫ్రేముల్లో తీసి, 25లో ప్లే చేయండి. 4 రెట్లు నెమ్మదించిన ప్రమిద దీపం గుడి ముందు కాగడాలా ఊగుతుంది.

మనిషి నడక సెకనుకి 120 సెం.మీ. అనుకుంటే, కెమెరాని సెకనుకి 30 సెం.మీ. చొప్పున లాగాలి. 5 సెకన్ల లాగుడు తెర మీద 20 సెకన్ల నడక అవుతుంది.

4. కుదుపు. "స్టెబిలైజేషన్ ఉందిగా" అంటారా? అది ప్రధానంగా గైరో సెన్సార్ మీద ఆధారపడుతుంది. గైరోకి తెలిసేది కెమెరా ఎంత తిరిగిందో మాత్రమే. ఎంత పక్కకి జరిగిందో తెలియదు. దూరంగా ఉన్న కొండకి ఆ తేడా పట్టదు గానీ, అడుగు దూరంలోని బొమ్మకి పడుతుంది. ఇక్కడ 1 మి.మీ. వణికితే బొమ్మల లోకంలో 16 మి.మీ. కుదుపు. అందుకే చేత్తో పట్టుకోవద్దు. బరువైన పుస్తకం కింద మడత పెట్టిన నూలుగుడ్డ వేసి, పైన కెమెరా కట్టి, నున్నటి గచ్చు మీద దారంతో లాగండి. దారాన్ని పుస్తకం అడుగు భాగానికి కట్టండి. పైన కడితే ముందుకి వాలుతుంది.

5. వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్ పెట్టండి. సీరియల్ సెట్లు ఆపేసి, పగలు కిటికీ వెలుతురులో తీస్తే ఇంకా మేలు. ఏటికొప్పాక బొమ్మల లక్క పూత మెరుస్తుంది కాబట్టి కిటికీకి తెల్ల పంచె అడ్డం కట్టండి.

ముందు కెమెరా ఆన్ చేయకుండా రెండుసార్లు లాగి, ఏ బొమ్మకీ తగలట్లేదని చూసుకోండి. దీపం దగ్గర దారం జాగ్రత్త. మీ ఇంట్లో కూడా కింద కూర్చోలేని పెద్దవాళ్లుంటే మొదటి వీడియో వాళ్ల కోసం తీయండి. కొలువు ఉండేది కొద్ది రోజులే.

శుభం!